చెరిగిపోయిన పిలుపు

ఒక్క మెసేజీతో నా కూతురి మేనమామను నేనే పరాయివాణ్ని చేసిన ఘనకార్యం చెబుతాను, వినండి. మీరు నవ్వినా ఫర్వాలేదు. మా ఆవిడే ఇంకా నవ్వడం లేదు.

అప్పట్లో కొత్త యాప్ కనిపిస్తే నా చెయ్యి ఊరుకునేది కాదు. నర్సీపట్నమంతా ఒకే మెసేజీ యాప్‌తో కాలక్షేపం చేస్తుంటే, నేను నాలుగు దించుకుని, ఏది ఏం చేస్తుందో చూస్తూ కూర్చునేవాణ్ని. ఒకటి గొంతు మారుస్తుంది, ఒకటి బొమ్మలు ఆడిస్తుంది. నాలుగోదానికి మాత్రం పడిపోయాను. అందులో పంపిన మెసేజీ మర్నాటికల్లా దానంతటదే మాయం! ఎందుకు మాయం కావాలని మీరడుగుతారు. నేను అడగలేదు.

అంతలో పాపకు చెవులు కుట్టించే ముహూర్తం వచ్చింది. మా ఇళ్ళల్లో పిల్ల మేనమామ ఒళ్ళో కూర్చుంటేనే సూది చెవి దగ్గరికొస్తుంది. ఆ మేనమామ గొలుగొండలో ఉంటాడు, మా ఆవిడ అన్నయ్య.

"ఇద్దరం ఎళ్ళి బొట్టెట్టి పిలుద్దారండి," అంది మా ఆవిడ.

"పిలిసేసేను!" అన్నాను గర్వంగా. బావగారిని బతిమాలి ఆ యాప్ పెట్టించి, పూలూ గంటలూ ఉన్న కార్డు అప్పటికే పంపేశాను మరి.

ముహూర్తం రోజు పొద్దున్నే కంసాలి వచ్చాడు. పాప పట్టుపరికిణీలో తయారు. కూర్చోవడానికి ఒళ్ళే లేదు. ఫోను చేశాను.

"బావగారూ, ఇంకా బయల్దేరలేదేటండీ?"

"ఎక్కడికి?"

"అదేటండీ! పిలిసేను కదా!"

"పిలిసేవు. మర్నాడు మీ సెల్లెమ్మకి సూపిద్దారని తీత్తే లేదు. పిలిసి తుడిపేసినోళ్ళింటికి ఏ మొకం ఎట్టుకుని వత్తాం బావా?"

"నేను తుడపలేదండీ! దానంతటదే సెరిగిపోద్ది! అదే దాని గొప్ప!"

"అంటే, మేనమావని పిలవడానికి సెరిగిపోయేదాన్నే ఏరి తెచ్చేవన్నమాట!"

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. నాకు మాత్రం కొత్త ఒక వాత. సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆవిడ కుంకుమ భరిణె తీసుకుని బండెక్కి, "బేగి పోనీండి," అంది. దారంతా అదొక్కటే మాట.

గొలుగొండలో బావగారు కొత్త పంచె కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని అరుగు మీదే కూర్చున్నాడు. మమ్మల్ని చూసి మొహం అటు తిప్పుకున్నాడు. మా ఆవిడ వాళ్ళ వదినకు బొట్టు పెట్టి, "పొరపాటయిపోనాది వదినా, రండి," అంది. ఆవిడ లోపలికెళ్ళి అద్దంలో చూసుకుని, మళ్ళీ వచ్చి నన్నడిగింది:

"అన్నయ్యగారూ, ఈ బొట్టయినా రేపటిదాకా ఉంటదా?"

బావగారు ఫక్కున నవ్వి చెప్పులేసుకున్నాడు. ముహూర్తం దాటకుండా పాప చెవులు కుట్టారు. నా చెవులు మా ఆవిడ అందరూ వెళ్ళాక మెలిపెట్టింది.

అందుచేత పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మనిషికి బొట్టు పెట్టే యాప్ వచ్చేదాకా ఇంకే కొత్త యాప్ జోలికీ పోను. వస్తే మాత్రం, అదెలా పెడుతుందో ఒక్కసారి చూడాలి.