మామా వాళ్ళ అవ్వకు తలంటిన రోజు

కువైట్‌కు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు అరబ్బీ ఎంత వచ్చంటే, నాలుగు మాటలతో నలభై తప్పులు చేసేంత వచ్చు. జాబ్రియాలో నేను పనిచేసే ఇంటి మామా (ఇంటావిడను అక్కడ అలాగే పిలుస్తారు) కాలేజీలో పాఠాలు చెప్పేది. ఒకసారి ఆఫ్రికా వెళ్ళొచ్చి, పెట్టెలోంచి గోధుమరంగు పుర్రె ఒకటి తీసి బల్లమీద పెట్టింది. "మన అవ్వ. టాంజానియాలో ఓల్డువాయ్ లోయలో దొరికింది. రేపు క్లాసుకు తీసుకుపోవాలి, దుమ్ము తుడువు" అని చెప్పి బయటికి పోయింది.

ఆమె అటు పోగానే, ఫింటాస్‌లో పనిచేసే మా పిన్నమ్మకు ఫోన్ చేశాను. "పిన్నమ్మా, మామా వాళ్ళ అవ్వ తలకాయ ఇంట్లో పెట్టినారు. తుడవమంటాండారు."

పిన్నమ్మ సలహా చెప్పింది. "పెద్దామె కదా పాపా, ఉత్త గుడ్డతో తుడిస్తే ఏం మర్యాద? శుభ్రంగా నీళ్ళు పొయ్యి."

సరేనని షాంపూ పెట్టి తలంటాను. ముందుకు పొడుచుకొచ్చిన ఆ కనుబొమల ఎముక, ఆ దవడ అచ్చం మా మేనత్తవే (ఈమెకు గడ్డం లేదు, మేనత్తకు అక్కడక్కడా ఉంది). రుద్దేకొద్దీ మట్టి పోతానే ఉంది. చివరికి అవ్వ సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా తేలింది. అది నిజం పుర్రె కాదనీ, రంగేసిన అచ్చనీ నాకేం తెలుసు? ఇఖామా, అదే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు, ఇంకా చేతికి రాలేదు, ఊరికి పంపించేస్తారని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే టీ కాచి, అవ్వకు మూడు పూతలు పూసి ఆరబెట్టాను.

సాయంత్రం మామా వచ్చి పుర్రెను ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఈమెకు ఏలకుల వాసన ఎందుకొస్తోంది?"

"మీ అవ్వకు తలంటినా మామా. రంగు పోయింది. టీ పూసినా. నన్ను పంపించేయొద్దు."

మామా మెల్లగా కుర్చీలో కూర్చుంది. "నా ఒక్కదాని అవ్వ కాదు, మీ అవ్వ కూడా. లక్షల ఏళ్ళ కిందటి మనిషి."

"మా అవ్వ రాయచోటిలో బాగానే ఉంది మామా" అన్నాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

మర్నాడు పెట్టె మోయడానికని నన్నూ కాలేజీకి తీసుకుపోయి, వెనక బెంచీలో కూర్చోబెట్టింది. ఎనిమిదిలో బడి మానేశాక నేను బెంచీ మీద కూర్చోవడం అదే మొదలు. పాఠం సగమే అర్థమైంది. అయినా చివర్లో లేచి, "ఆమెకు పిల్లలెంతమంది మామా?" అని అడిగాను. మామా చెయ్యి చాపి గదినంతా చూపించింది. అప్పటికి ఇరవై రెండేళ్ళ పిల్లను నేను, వాళ్ళెక్కడున్నారోనని వెనక్కి తిరిగి గోడకేసి చూశాను.