శాలువాలయ్యాకే నక్షత్రాలు

చందూర్ చెరుకు రైతు లింబాద్రి కూతురు నిరోష నిజామాబాద్‌లో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆఖరి సంవత్సరం ఫిజిక్సు చదువుతోంది. సైన్సు దినం సభలో ఆమెకు పది నిమిషాలు ఇచ్చారు. హైదరాబాద్ నుంచి వచ్చే ప్రొఫెసర్ పిల్లల ప్రసంగాలు విని ఒకరిని వేసవి పరిశోధనకు తీసుకుంటాడట. ఆ ఒక్కరు తానే కావాలని నిరోష చలికాలమంతా పట్టు పట్టి కూర్చుంది.

దూరపు గెలాక్సీల్లో నక్షత్రాలు ధూళిమబ్బుల కడుపులో పుడతాయి. మామూలు వెలుగు ఆ ధూళిలోనే చిక్కుకుపోతుంది. పరారుణ కాంతి దాటుకొని వస్తుంది. పసి నక్షత్రాల ధాటికి రగిలిన వాయువు కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గరే గట్టిగా వెలుగుతుంది. వర్ణపటంలో అవి గీతల్లా కనిపిస్తాయి. గెలాక్సీ ఎంత దూరమో తెలిస్తే, ఆ గీతల బలాన్ని బట్టి అక్కడ నక్షత్రాలు ఎంత జోరుగా పుడుతున్నాయో అంచనా కట్టొచ్చు. ఒక అంతరిక్ష టెలిస్కోపు వాళ్లు అందరికీ విడుదల చేసిన సమాచారంతో నిరోష ఒక గెలాక్సీకి ఆ అంచనా కట్టింది.

"గంత దూరం సుక్కలు పుడితే పురుడు నువ్వు పోస్తవానే?" అని తల్లి పెంటవ్వ నవ్వింది.

"పురుడెందుకవ్వా. పుట్టినయని నలుగురికి సెప్త, గంతే."

సభలో శాలువాలు మొదలయ్యాయి. ప్రొఫెసర్‌కు, కరస్పాండెంట్‌కు, ఆయన బావమరిదికి, టెంటు వేయించినాయనకు, ఫ్లెక్సీలో ఉన్న ప్రతి ముఖానికీ. శాలువాలు చాలక, ఒకరికి కప్పింది వెనక నుంచి లాగి ఇంకొకరికి కప్పారు. "గిటు సూడున్రి సార్" అని ఫొటోగ్రాఫర్ అన్నప్పుడల్లా మెడలు సాగాయి.

"సార్, నా వంతు ఎప్పుడు?" అని నిరోష లెక్చరర్ రామ్‌దాస్‌ను అడిగింది.

"ఆగమ్మా, పెద్దమనుషులది కానీ. నీ సుక్కలు యాడికి పోతయి?"

సుక్కలు పోలేదు. ప్రొఫెసరే లేచి వెళ్లిపోయాడు.

నిరోష కారు దాకా పరుగెత్తింది. "సార్, ఐదు నిమిషాలు నా మాట ఇనుండ్రి."

ఆయన ఒళ్లో శాలువాలు సర్దుకున్నాడు. "అయ్యో, ఆ అవకాశం అయిపోయిందమ్మా. మీ కరస్పాండెంట్‌గారి అన్న కొడుకు అఖిలేష్‌కు మాటిచ్చాను. చురుకైన కుర్రాడు."

పొద్దుటి నుంచి అఖిలేష్ చేసిందల్లా వేదిక మీదికి శాలువాల పళ్లెం అందించడమే.

"గాయన ఏం మాట్లాడిండని తీస్కున్నరు సార్?"

కారు అద్దం పైకెక్కింది.

ఆమె తిరిగి వచ్చేసరికి మైకులో తన పేరే పిలుస్తున్నారు. ప్రసంగానికి కాదు, సన్మానానికి. వేదిక ఎక్కితే రామ్‌దాస్ శాలువా విప్పి పట్టుకున్నాడు. ఎందరి మెడల చెమటో, దాని అంచు తడిసి ముద్దయింది.

"రామ్మా, ఫొటో."

"నా మాట ఒక్కలు ఇనలే. గిది దేనికి సార్?"

"గట్లనకమ్మా, కాలేజీ ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ ఉన్నోళ్లకు కదా సార్ పోయేది," అని నిరోష బ్యాగు భుజాన వేసుకొని మెట్లు దిగింది. ఆమె ఏమన్నదో వినపడని ముందు వరుస అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టింది. విప్పిన శాలువా వృథా కాలేదు. పరిశోధనకు ఎంపికైనందుకు అఖిలేష్‌కు కప్పారు.