పిడికెడు అడుగాకు

నా చిన్నప్పుడు ఒక్కరోజులో, ఒక్కడినే, బండెడు మల్బరీ ఆకు కోసి ఇంటెడు పట్టుపురుగులను బతికించానని మా మనవళ్లకు చెబుతుంటాను. చెప్పినప్పుడల్లా బండి కాస్త పెద్దదవుతుంది. పోయినసారి అది జూజువాడి చెక్‌పోస్టు దగ్గర నిలబడే లారీ అంతయింది. వాళ్లు ఫోన్లోంచి కళ్లెత్తకుండానే నమ్మినట్టు తల ఊపుతారు. ఈ కాగితం మీద మాత్రం ఆ బండి సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను. కాస్త ఆగండి, దానిదాకా వస్తాను.

మాది హోసూరు దగ్గర, ఉద్దనపల్లి పక్కన చిన్న పల్లె. ఇంటి వెనక మల్బరీ తోట, తోటకూ ఇంటికీ నడుమ పురుగుల ఇల్లు. అందులో వెదురు తట్టల్లో పట్టుపురుగులను పెంచేది మా అమ్మ. నాయన తోట చూసేవాడు, ఆకు కోసి గడప దాకా తెచ్చి ఇచ్చేవాడు. తట్టల జోలికి ఆయనను రానిచ్చేది కాదు. ఆ సంవత్సరం పురుగులు ఇంకా చీమలంత ఉన్నప్పుడు అమ్మ పోయింది. ఎలా పోయిందో రాయను. పొద్దున ఉంది, సాయంత్రానికి లేదు.

చావు జరిగిన ఇంటివాళ్లు మైల తీరేదాకా పురుగుల ఇంట్లో అడుగుపెట్టకూడదు. మా పక్క అది గట్టి కట్టుబాటు. అందుకని ఆ దినాలన్నీ పక్కింటి అక్క వచ్చి మేత వేసింది. ఆమెది మా వంశం కాదు, మా మైల ఆమెకు అంటదు. ఆకు కూడా తన తోటలోదే తెచ్చింది. నాయన అరుగు మీద కూర్చున్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. ఎవరో సంగటి పెడితే తిన్నాను, ఉప్పుందో లేదో తెలియలేదు. ఎదురుగా కోళ్లు తిరుగుతుంటే వాటిని చూశాను. వాటిని చూస్తున్నానని కూడా తెలియలేదు.

మైల తీరింది. ఇల్లు కడిగారు, చుట్టాలు వెళ్లిపోయారు. నాయన మాత్రం లేవలేదు, మేత అక్కే వేస్తూ వచ్చింది. అక్క అడిగితే "ఈ పూట పోనీమ్మా, రేపు చూస్తా" అనేవాడు. మర్నాడూ అదే మాట. అది తప్పించుకునేవాడి మాటలా ఉండేది కాదు. రేపు లేస్తానని ఆయన నిజంగానే అనుకునేవాడు. అంతలో పురుగులు కడపటి జ్వరంలో పడ్డాయి. గూడు కట్టేలోపు పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. దాన్నే మేము జ్వరం అంటాం. అప్పుడది మేత ముట్టదు, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. "ఇప్పుడు ఆకెందుకు?" అన్నాడు నాయన. కూర్చోవడానికి ఆయనకు ఇంకొక కారణం దొరికింది.

జ్వరం వదిలిన పొద్దున అక్క కొంగు బిగించుకుని వచ్చి అరుగు ముందు నిలబడింది.

"పురుగులు లేచినాయన్నా. మా ఇంట్లోవీ లేచినాయి. ఇంక రెండిళ్లకు వేసేదానికి నా తోటలో ఆకు లేదు, నాకు నాలుగు చేతులూ లేవు. పొద్దు మునిగేలోపల వీటికి మేత పడాల."

"చూస్తామ్మా."

"యాడ చూసేది? ఈడ కూర్చుంటే కనపడతాయా?"

ఆ పురుగులు అమ్మ తెచ్చిపెట్టుకున్న గుడ్లలోంచి వచ్చినవి. ఆ పొద్దు మేత పడకపోతే ఆమె కడపటి పంట తట్టల్లోనే ఎండిపోతుంది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

అక్క నన్ను రెక్క పట్టుకుని పురుగుల ఇంట్లోకి తీసుకుపోయి ఒక తట్ట ముందు నిలబెట్టింది.

"లేచినాయంటివే, కదిలేదే లేదు" అన్నాను.

"ఆకు పెడితే గదప్పా తెలిసేది."

కొంగులోంచి ఒకే ఒక ఆకు తీసి తట్టలో పెట్టింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక పురుగు తల దించి ఆకు అంచు కొరికింది. దాని పక్కది కూడా దించింది.

"పో, మీ తోటలోంచి పిడికెడు కోసుకురా."

"ఇన్ని పురుగులకు పిడికెడు యాడ సరిపోతుంది?"

"నిన్ను సరిపెట్టమంటినా? పిడికెడంటి. చెట్టు మొదలు కాడ ఉండే ఆకే కోయి, వంగితే అందుతుంది. తెచ్చి మీ నాయన ఒళ్లో పెట్టు. నోరు మాత్రం తెరవద్దు."

మొదలు దగ్గర ఉండేది అడుగాకు. చినుకు పడినప్పుడల్లా ఎగిరిన మన్ను దానికి పడుతుంది, తింటే పురుగుకు రోగం. మా పక్క పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. అక్కకు తెలియదా అని ఆ రోజు నాకు తోచలేదు. ఆ రోజుల్లో నాకేమీ తోచేది కాదు. కోయమంది, కోశాను. తెచ్చి నాయన ఒళ్లో పెట్టాను.

ఆయన చాలాసేపు దాన్ని చూడనే లేదు. తర్వాత ఒక ఆకు తీసి బొటనవేలితో రుద్దాడు. వేలికి ఎర్రమన్ను అంటింది.

"ఇది ఎవురు కోసింది?"

నోరు తెరవద్దంది కాబట్టి ఊరుకున్నాను.

"అడుగాకు కోసుకొచ్చినావే. మీయమ్మ చూసుంటే నీ వీపు పగలగొట్టుండేది."

అమ్మ పోయాక ఆయన నోట ఆమె మాట రావడం అదే మొదలు. ఒళ్లోని ఆకు విదిలించి లేచాడు. చూరులో దోపిన కొడవలి తీసుకుని, "రా, ఎట్ల కోయాలో చూపిస్తా" అని తోటలోకి నడిచాడు.

"ఏమన్నా, రేపంటివే?" అంది గోడ పక్కనుంచి అక్క. ఆయన తిరిగి చూడలేదు.

ఇదీ బండి సంగతి. బండి లేదు. నేను కోసింది పిడికెడు, అదీ పురుగులకు పనికిరానిది. మిగిలిందంతా నాయన కోశాడు. నేను మోసిన ఒక్క మోపులో సగం దారిలోనే పడింది. పురుగులు గూళ్లు కూడా పలచగానే కట్టాయి. హోసూరు సంతలో జనం మా గూళ్ల చుట్టూ మూగారని చెప్పేదీ నా కల్పనే. ఎవరూ మూగలేదు. కానీ గూళ్లంటూ కట్టాయి. పెద్దయ్యాక ఒకసారి అక్కను అడిగాను, కావాలనే అడుగాకు కోయమన్నావా అని. "నీ పొట్టిచేతికి పై ఆకు అందదని చెప్పినా, పోరా" అంది. ఆమె నాకంటే ఘనమైన అబద్ధాలకోరు.

మా ఇంటావిడ పోయి ఏడాది దాటింది. ఆమె చీరల బీరువా అలాగే ఉంది. కూతురు బెంగళూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది, తీసి ఎవరికైనా ఇద్దాం నాయనా అని. రేపు చూద్దామ్మా అంటాను. అది నాయన గొంతేనని నాకు తెలుస్తూనే ఉంటుంది. బీరువా మొత్తం తలుచుకుంటే కాళ్లు కదలవు.

ఈ పొద్దున తలుపు తీసి ఒకే ఒక చీర తీశాను. చేతికి ఏది అందితే అది. మంచం మీద పరిచి మడిచాను. అంచులు కలవలేదు, మడత వంకరగా వచ్చింది. ఇట్లనా మడిచేది అని అడిగే మనిషి ఇంట్లో లేదు. విప్పి, మళ్లీ మడిచాను.