బాలసుందరం మామ చెప్పిన మదురై

మా బాలసుందరం మామ నోట చరిత్ర ఒక్కసారి కూడా సరిగ్గా వచ్చిన పాపాన పోలేదు. కోయంబత్తూరు గాంధీపురంలో చీరల కొట్టు ఆయనది. కొట్లో ఆయన హామీ ఇచ్చిన రంగు ఎన్ని ఉతుకులకైనా పోదు గానీ, బయట ఆయన చెప్పిన రాజు మాత్రం ఏ శతాబ్దంలోనూ నిలవడు.

పోయిన నెల ఇద్దరం మదురై పోయాం. అక్కడి పాత మదరసాలో యాభై ఏళ్ళు పాఠం చెప్పిన పెద్దాయన, అందరూ హజ్రత్ అంటారు, మా మామకి స్నేహితుడు. చూపు మందగించి పాఠం మానుకున్నప్పటి నుంచీ, అంటే మూడు నెలలుగా, గోడవైపు తిరిగి కూర్చుంటున్నాడట. మాటా లేదు, సరిగా తిండీ లేదు. "ఒక్కసారి వచ్చి పలకరించండి అంకుల్" అని ఆయన కొడుకు సిక్కందర్ ఫోను చేశాడు.

నా బెంగ వేరు. ఈయన నోరు విప్పితే ఆ పెద్దమనిషి తినే ఒక్క ముద్ద కూడా మానేస్తాడని.

"ముందు మహల్ చూసేద్దాం మాప్పిళె" అన్నాడు మామ. మా వైపు మేనల్లుణ్ణి అట్లానే పిలుస్తారు.

ఇద్దరు చేతులు కలిపినా అందని ఆ స్తంభాల నడుమ నిలబడి, "తిరుమల నాయకర్ దీన్ని మొదట పత్తి గోడౌనుగా కట్టినాడప్పా" అన్నాడు.

"ఇది దర్బారు మామా. గేటు దగ్గర కొన్న పుస్తకంలో ఉంది."

"నువ్వు కామర్సు పాఠాలు చెప్పే వాధ్యార్‌వి. నీకేం తెలుసు?"

అక్కణ్ణించి పత్తు తూణ్ సందు. పది రాతి స్తంభాలు, మధ్యలో స్కూటర్లు, తాళ్ళకి వేలాడే నైటీలు.

"పదకొండు ఉండేవి" అన్నాడు మామ.

"పదే మామా! పత్తు అంటేనే పది కదా!"

"పదకొండోది ఒడ్డన్‌చత్రం మార్కెట్లో ఉల్లిపాయల కాటా కింద ఉంది. నేనే చూసినా."

అదే మాట ఇంగ్లీషులో కూడా చెప్పేసరికి, పక్కన నిలబడ్డ ఢిల్లీ దంపతులు అక్కడికి బస్సు ఎక్కడ ఎక్కాలని అడిగారు. నేను స్తంభం చాటుకి పోయాను.

మదరసా గుమ్మంలో చెప్పులు విడుస్తూ మామ చేతులు పట్టుకున్నాను. "ఇక్కడొద్దు మామా. ఆయన మనసు బాగాలేదు."

"నేనేమంటానప్పా? నమస్కారం అంటాను."

హజ్రత్ మేడ మీద గదిలో గోడవైపు తిరిగే ఉన్నాడు. పక్కన మీగడ కట్టిన టీ, ముట్టని బన్నులు. "వాప్పా, చూడండి ఎవరొచ్చారో" అన్నాడు సిక్కందర్. హజ్రత్ తల తిప్పలేదు.

మామ తీరిగ్గా కూర్చుని తమిళంలో మొదలుపెట్టాడు. "ఏం హజ్రత్, ఈ మదరసా తెల్లదొర రైలు వేసినప్పుడు వెయిటింగ్ హాలుగా కట్టిందేనంట కదా?"

నేను కళ్ళు మూసుకున్నాను.

"వెయిటింగ్ హాలా?" కేక ముందు గోడకి తగిలి తర్వాత మాకు తగిలింది. "ఎవడయ్యా చెప్పింది? రైలుకి తాత వయసు దీనికి!"

"మరి ఆ కొయ్య దూలాలు? పాత రైలుపెట్టెలవేగా?"

"రైలుపెట్టెలా! లే! ముందు లేవయ్యా!"

చూపు ఆనని మనిషి మామ చెయ్యి పట్టి కిందికి ఈడ్చుకుపోయాడు. స్తంభం స్తంభం తడిమి చెప్పాడు. ఇక్కడ మా ఉస్తాద్ కూర్చునేవారు, ఈ గూట్లో దీపం ఉండేది, ఇదిగో ఇక్కడే నాకు మొదటి మొట్టికాయ పడింది. మామ అడుగుకొక తప్పు వదులుతున్నాడు, ఆయన తిట్టి తిట్టి దిద్దుతున్నాడు. కింద పాఠం మానేసి తరగతికి తరగతే వాళ్ళ వెనక నడిచింది. హజ్రత్ చేతిలోకి బన్ను ఎప్పుడొచ్చిందో గానీ, కోపంలో మూడు తినేశాడు.

సిక్కందర్ నా చెవిలో అన్నాడు. "మా ఉమ్మా, అంటే మా అమ్మ, పోయినప్పుడూ ఇంతే అన్నా. అంకుల్ వారం వారం కోయంబత్తూరు నుంచి వచ్చి ఒక తప్పు చెప్పి పోయేవారు."

"వచ్చే శుక్రవారం నమాజు అయినాక రా. నీకు పరీక్ష పెడతాను, మొద్దూ!" అన్నాడు హజ్రత్. మామ చేతులు కట్టుకుని "సరే" అన్నాడు.

సందులోకి వచ్చాక మామ ముఖం దిగులుగా ఉంది. "తప్పు చెప్పడం ఎంత కష్టమో నీకు తెలీదు మాప్పిళె. ముందు నిజమంతా చదవాలి. నా దగ్గర సరుకు అయిపోయింది. వచ్చే వారానికి నువ్వొకటి చెప్పప్పా."

బాగా ఆలోచించాను. ఇంతకన్నా పచ్చి అబద్ధం ఉండదనుకుని ధీమాగా అన్నాను. "మహల్లో చాలా భాగం పడగొట్టింది శత్రువులు కాదు, తిరుమల నాయకర్ సొంత మనవడే అని చెప్పు!"

మామ ఆగి నన్ను జాలిగా చూశాడు.

"అది నిజమేనప్పా. మనవడు చొక్కనాథుడే పడగొట్టించి, సామానంతా తన రాజధాని తిరుచ్చికి మోయించినాడంటారు. నేనిది చెప్తే హజ్రత్ 'అవును' అని మళ్ళీ గోడవైపు తిరుగుతాడు. పో, బాగా చదువుకుని రా."