వెంకటరాయప్ప తడి ఒత్తి

వెంకటరాయప్పకు ఒకటే పిచ్చి. ఎక్కడికి వెళ్ళినా అక్కడ పిడుదులు బతుకుతాయా, బతకవా అని తేల్చందే కాఫీ ముట్టడు. పశువుల రక్తం తాగే ఆ పురుగులు ఎంత ఎండకు, ఎంత వానకు, ఎంత తేమకు ఏ ఊళ్ళో కాపురం పెడతాయో కంప్యూటర్లో పటం గీయడం ఆయన ఉద్యోగం. ఆదివారం ఆఫీసుకు సెలవే కానీ ఆయనకు లేదు.

గాలిలో తేమ తెలియాలంటే థర్మామీటరు బుడ్డికి తడి ఒత్తి చుట్టాలి. ఆ ఒత్తులు భార్య భాగీరథమ్మవి. యలహంకలో ఆ ఇంటి దేవుళ్ళు చాలా సాయంత్రాలు చీకట్లోనే గడిపారు.

"దీపం ఒత్తి ఏదండీ?"

"వరండాలో ఉండాది. తేమ చూస్తా ఉండాది."

"మరి దేవుడికి?"

"ఆయనకు తేమతో పనేముందే!"

కొడుక్కి సంబంధం చూడ్డానికి వెళ్ళినప్పుడైతే, పెళ్ళికూతురు కాఫీ తెచ్చేసరికి ఈయన సోఫా కింద ఉన్నాడు.

"ఏం పడిపోయింది సార్?" పిల్ల తండ్రి కంగారుపడ్డాడు.

"ఏమీ పడలేదప్పా. మీ ఇల్లు బో పొడిగా ఉండాది. ఇక్కడ గుడ్డు పెట్టినా పిల్ల కాదు."

శుభమా అని సంబంధానికి వచ్చి అనే మాటేనా అది? తిరుగు బస్సులో భాగీరథమ్మ ఆయన పక్కన కూర్చోలేదు.

ఆ ఏడు వానాకాలంలో ఇల్లు కడుతున్న పక్క సైటు కాపలాకు పాలమూరు నుంచి బాలమ్మ వచ్చింది. మొగుడు బెళ్ళందూరులో పనికి పోతే వారాల తరబడి రాడు. తలుపు లేని గదిలో ఆమెకు తోడు ఒక నల్లకుక్క. దాని పిడుదులు పిల్లలకు ఎక్కుతాయని, కుక్కల బండిని పిలిపిస్తామని వీధివాళ్ళు ఆమె మీదికి వెళ్ళారు.

"అది లేకుంటె ఒక్కదాన్ని ఎట్ల పండుకోవాలె సారూ?" బాలమ్మ కళ్ళు తుడుచుకుంది.

"మన వెంకటరాయప్ప సారు ఉండాడు కదప్పా! ఆయన్నే చెప్పమందాం," అన్నాడు పాలబూత్ గంగప్ప.

వెంకటరాయప్ప ఒత్తి తడిపాడు. థర్మామీటరు పైకెత్తి, కళ్ళద్దాలు సర్దుకుని, అందరి ప్రాణాలూ తోడేసేంతసేపు చూశాడు.

"ఈ వీధిలో పిడుదు బతకదప్పా. వాతావరణం కుదరదు."

పటాలు గీసే మనిషి చెప్పాక ఇంకేముంది! కుక్కల బండి రాలేదు.

భాగీరథమ్మ మాత్రం నోరు వెళ్ళబెట్టింది. ముందురోజు అన్నం తింటూ, "ఈ ముసురుకు మన వీధి పిడుదులకు స్వర్గమేనే," అని మురిసిపోయింది ఈ మహానుభావుడే కదా!

మరునాడు పొద్దున్నే ముళ్ళు తీసే శ్రావణం కనబడక, వెతుక్కుంటూ గోడ మీదుగా తొంగిచూసింది. ఇసుకకుప్ప మీద మొగుడు, ఒళ్ళో నల్లకుక్క, చేతిలో శ్రావణం. పక్కన కిరసనాయిలు చిప్పలో పిడుదులు తేలుతున్నాయి.

"ఈ వీధిలో బతకవంటిరే?"

"నేనుండంగా ఎట్ల బతుకుతాయే!" అన్నాడాయన, చెవి వెనకదాన్ని పీకుతూ.

ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు అంత ముద్దొచ్చింది ఆ పొద్దే. సాయంత్రం ఆమె ఒక ఒత్తి దేవుడి ముందు వెలిగించి, ఇంకొకటి తడిపి తనే థర్మామీటరుకు చుట్టింది.