ఏడవని బిడ్డల ఇల్లు

పోయిన వారం కళ్యాణదుర్గం ఆసుపత్రిలో, నా మనవరాలికి పుట్టిన మగబిడ్డ మడమకు నర్సమ్మ సూది గుచ్చి రక్తం తీసింది. పక్క మంచం మీది బిడ్డ అదే సూదికి వార్డు అదిరిపోయేట్టు ఏడిస్తే, మా వాడు కాలు కొంచెం ముడుచుకుని, పెదవి కదిపి మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు. మనవరాలి అత్తగారు మురిసిపోయి, "సూడన్నా, సూదికి కూడా బెదరలేదు. అచ్చం మీ నాయన రక్తమే" అనింది. చుట్టూ ఉన్నవాళ్లంతా మెచ్చుకున్నారు. నేను మాత్రం మెచ్చుకోలేకపోయాను.

ఆ రక్తం ఎట్లాంటిదో నాకు తెలుసు. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా వైపు పసిబిడ్డకు కడుపు ఉబ్బితే వాత పెట్టే ముసలమ్మ దగ్గరికి ఎత్తుకుపోయేవాళ్లు. ఆమె పసుపుకొమ్మును దీపం మీద కాల్చి బొడ్డు పక్కన అంటించేది, బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే రోగం వదిలిందని లెక్క. మా తమ్ముడిని తీసుకుపోయిన రోజు నేను అవ్వ కొంగు పట్టుకుని చూస్తున్నాను. చర్మం చుర్రుమన్నా వాడు చిన్నగా మూలిగి ఊరుకున్నాడు. ఏడవలేదు కాబట్టి వాత సరిగా తగల్లేదని ముసలమ్మ మళ్లీ అంటించింది, మళ్లీ అంటించింది. మా అవ్వ మాత్రం, "మా ఇంటి బిడ్డలు ఏడ్వరులే, వీళ్ల నాయనా ఇంతే" అని గర్వంగా నవ్వింది. పసిగుడ్డును కాల్చి, ఏడవలేదని మరింత కాల్చి, దాన్ని పౌరుషమని చెప్పుకున్న తెలివి మాది! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా నాయన తేలు కుట్టినా పని ఆపని మనిషి. శెనక్కాయ చెట్లు పీకే కాలంలో ఒకనాడు టవలు తలకు బిగించి కట్టుకుని చేనికి పోతుంటే, ఏమైనాదని అమ్మ అడిగింది. "ఏమీ లేదు, ఎండ" అన్నాడు. మధ్యాహ్నానికి సాళ్ల మధ్య పక్కకు ఒరిగిపోయాడు, మళ్లీ లేవలేదు. రక్తపోటు అనే మాట మా ఇంట్లో వినబడింది ఆ రోజే. తర్వాత తమ్ముడూ అట్లాగే పోయాడు. బడి ముఖం పెద్దగా చూడని నేను, ఆ భయంతోనే పేపర్లో వచ్చే ఆరోగ్యం మాటలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను.

అందుకే ఆ రోజు, సూదికి బిడ్డ ఎందుకు ఏడవలేదని డాక్టరమ్మను వదలకుండా అడిగాను. "బీపీ ఉండే ఇళ్లల్లో కొంతమందికి నొప్పి తక్కువ తెలుస్తాదంటారు తాతా. అంతమాత్రాన బిడ్డకు వస్తాదని కాదు. మీరంతా మాత్రం నొప్పి ఉన్నా లేకున్నా చూపించుకుంటా ఉండాల" అనింది.

మీరంతా అన్న మాటకు నా చూపు మనవరాలి మీద పడింది. బాలింత కదా, తలకు గుడ్డ కట్టుకుంది. ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ ముడి మా నాయన కట్టినట్టే కణతల మీద బిగిసి ఉంది. తల నొస్తాందా అని అడిగాను. "ఏం లేదు తాతా, నిద్ర లేక" అనింది. పొద్దున బీపీ చూసినారు కదన్నా అని అత్తగారు అంటున్నా వినకుండా అరిచి నర్సమ్మను పిలిచాను. చేతికి బీపీ పట్టీ చుట్టి చూసిన నర్సమ్మ డాక్టరమ్మ కోసం పరిగెత్తింది. మందులు పడి బీపీ దిగేదాకా నేను ఆ గోడకు ఆనుకునే నిలబడ్డాను.

ఇప్పుడు వాతలు పోయాయి, ఊరూరా బీపీ చూసే మిషన్లు వచ్చాయి. ఓర్చుకున్నదాన్ని మెచ్చుకోవడం మాత్రం పోలేదు. ఇంటికి తెచ్చుకున్నాక నిన్న బిడ్డ ఆకలికి గొంతెత్తి ఏడిస్తే అందరూ ఊరుకోబెట్టడానికి లేచారు. నేను ఉయ్యాలకు చెయ్యి అడ్డం పెట్టి, ఒక్క క్షణం ఆగమన్నాను. మా ఇంట్లో ఆ ఏడుపు వినాలని ఎవరూ ఎన్నడూ అనుకోలేదు.