పేరు రాయని కాగితాలు

మొన్న సర్వే అంటూ మా ఇంటికొచ్చిన ఒక అమ్మాయి, గుమ్మంలో నిలబడే చేతిలోని ఫోను నా ముందుకు చాపి, ఇక్కడ నొక్కండి అవ్వా అని తొందరపెట్టింది. ఎందుకమ్మా అంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టు అంది. అన్నీ అంటే ఏవేవి అని అడిగితే తనకూ తెలియదట. ముందు కోపం వచ్చింది కానీ, వెంటనే నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ వయసులో నేనూ తక్కువ తినలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులు కొన్ని డేరాల్లోనే నడిచేవి. రాజంపేట నుంచి వచ్చిన నాకు, ఆడపిల్ల అయితే పల్లెల్లో ఆడవాళ్ళు నోరు విప్పుతారని, కరువు సంగతులు ఇంటింటా అడిగి రాసుకొచ్చే ఉద్యోగం ఇచ్చారు. ఆ రోజుల్లో ఉద్యోగం చేసిన నా ఈడు ఆడవాళ్ళకు ఆ మొదటి గర్వం ఎంతటిదో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆదోని అవతల ఒక ఊళ్ళో పని. కరువులో ఏం తిన్నారు, సర్కారు గంజి అందిందా అని అడగాలి. కాగితంలో మొదటి గడి ఇంటి యజమాని పేరు. మొగుడి పేరు నోటితో పలకమంటే ఏ ఇల్లాలు పలుకుతుంది? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. అందుకని ఊరిపెద్ద నాకు తోడుగా తన కింద పనిచేసే ఊరి కావలివాణ్ణి, తలారిని పంపాడు. ప్రతి గుమ్మంలోనూ అతను పేరు చెప్పడం, నేను రాసుకోవడం, ఆ తరువాత అతను అక్కడే గోడకు ఆనుకుని బీడీ ముట్టించడం. పని ఎంత సుళువైపోయిందోనని మురిసిపోయాను. వారం తిరిగేసరికి ఇల్లిల్లూ ఒకటే జవాబు, గంజి అందరికీ అందిందని.

తలారి రాని ఒక రోజు, జొన్నలు దంచుతున్న ఒక ముసలామె అసలు సంగతి చెప్పింది.

"గంజి యాడిదమ్మా, పోతే తరిమినారు. వండిపిచ్చింది ఆ పెద్దాయనే గదా. ఆయప్ప మనిషి పక్కనే నిలబడుకోనుంటే ఏం జెప్పేది? రేపు మమ్మల్ని కూలికి పిలుస్తారా?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పేరు చెప్పడానికని నేను వెంట తిప్పుకున్న మనిషి, వాళ్ళ జవాబులకు కాపలా కాశాడన్నమాట.

ఆ వారం కాగితాలన్నీ రద్దు చేసి, తప్పు నాదేనని మా ఆఫీసరుకు ఉత్తరం రాసి, మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. తలారిని రావద్దన్నాను, పేరు గడి ఖాళీగా వదిలేశాను. మీరు చెప్పింది ఈ ఊళ్ళో ఎవరి కంటా పడదు, ఇష్టం లేకపోతే చెప్పొద్దు అని ప్రతి గుమ్మంలోనూ మాట ఇచ్చాను. కొందరు వద్దన్నారు, దండం పెట్టి వచ్చేశాను. చెప్పినవాళ్ళు మాత్రం చింతగింజలు ఉడకబెట్టి పిల్లలకు పెట్టిన సంగతి దాకా, కడుపులో ఉన్నదంతా చెప్పారు.

పని ముగిసిన రోజు మా ఆఫీసరు జీపులో వచ్చారు. ఊరిపెద్ద ఇంట్లోనే మాకు భోజనం. విస్తళ్ళు వేస్తుండగా ఆ పెద్దమనిషి కాగితాలున్న నా పెట్టె వైపు చేయి చాపాడు.

"ఏమ్మా, మా ఊరి కాయితాలు మేము సూడగూడదా? పేర్లు గూడా ల్యావంట గదా!"

పేర్లు లేనప్పుడు చూడనిస్తే ఏమవుతుందని ఆఫీసరూ అన్నారు. ఒక్క క్షణం నాకూ నిజమేననిపించింది. కానీ వాటిలో గుడ్డి అత్తను సాకే కోడలు ఉంది, కవలపిల్లల తల్లి ఉంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి ఇంక పేరెందుకు? చూపించనన్నాను. ఉద్యోగం సంగతి ఆలోచించుకోమని ఆఫీసరు అంటే, మాట ఇచ్చాక ఇంక ఆలోచించేదేముందని పెట్టె మీద కూర్చున్నాను. ధైర్యంతో కూర్చున్నాననుకునేరు, లేస్తే పెట్టె లాక్కుంటారన్న భయంతో కూర్చున్నాను.

ఆఫీసరు విస్తరి ముందు నుంచి లేచి, ఈ అమ్మాయి చెప్పిందే సరైన పద్ధతి, నేనే మరిచిపోయానని ఊరిపెద్దకు నమస్కారం పెట్టి, పెట్టెకు ఒక పక్క తనే పట్టుకుని జీపు దాకా మోశారు. అన్నం తినకుండానే బయలుదేరాం. కడుపు నకనకలాడుతున్నా దారి పొడుగునా నాకు నవ్వు ఆగలేదు, ఆఫీసరూ నవ్వారు. ఆ తరువాత మా కాగితాల్లో పేరు గడే ఎత్తేశారు, అడిగేచోట మూడో మనిషి ఉండకూడదని రాసిపెట్టారు. మళ్ళీ వానలు మొహం చాటేసిన ఏడు, ఆ ఊరి గంజి బాధ్యత బడి పంతులుకు అప్పగించారని, ఎవరు చెప్పారో ఊరిపెద్దకు అంతుపట్టలేదని, ఒక్క ఆడమనిషికీ కూలి తప్పలేదని తెలిసిన రోజు ఆఫీసులోనే గంతులేశాను.

ఇప్పుడు ఎవరి పేరైనా, ఊరైనా క్షణంలో దొరుకుతుంది. వద్దని అనే వీలు మాత్రం మనిషి చేతిలోంచి ఎక్కడో జారిపోయింది. ఆ ఊరి ఆడవాళ్ళు ఇప్పుడు ఎవరూ ఉండి ఉండరు. ఒంటరిగా కూర్చున్నప్పుడు, నాకు బుద్ధి చెప్పిన ఆ ముసలామెను పేరు పెట్టి తలుచుకోవాలనిపిస్తుంది. ఆమె పేరు నాకు తెలియదు, నేను అడగలేదు.